శివారు మడికి నీళ్లు

తల్లీ,

మొన్న కనుమ నాడు అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి నువ్వు నాకు చూపించావే, ఆ ఆకుపచ్చ టిక్కు, దాని గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పొచ్చు గానీ, పెదనాన్న మాట రెండు నిమిషాలు దాటితే నువ్వు "ఊఁ, ఊఁ" అనడం మొదలెడతావు. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు.

నువ్వు చూపించింది గొప్పగానే ఉంది, కాదనను. ఎక్కడో అమెరికాలో కడుతున్న గోదాం. కప్పు కింద మంటలార్పే స్ప్రింక్లర్ పైపులన్నీ నీలం గీతలై వేలాడుతున్నాయి. వేలితో తిప్పితే కట్టడం మొత్తం తిరుగుతోంది. ఒక మీట నొక్కావు. అర నిమిషం గడవలేదు, ఏ పైపులో ఎన్ని నీళ్లు, ఎంత ఒత్తిడి అంతా పట్టిక వేసి ఇచ్చింది. కింద మూలన టిక్కు పడింది. "పాసైపోయింది పెదనాన్నా" అన్నావు. అప్పుడు నేను మూడు ప్రశ్నలు వేశాను. ఈ నీళ్ల లెక్క ఎవరు తీశారు, ఏ రోజు తీశారు? ఈ గోదాంలో ఏం పెడతారు? ఈ పైపు రెండంగుళాలని నీకెవరు చెప్పారు? మూడింటికీ నీ జవాబు ఒకటే: "సాఫ్ట్‌వేర్‌లో ఉంది."

మీ నాన్న నవ్వాడు. పండగపూట ఎందుకులే అని నేనూ ఊరుకున్నాను. పండగ అయిపోయింది కదా, ఇప్పుడు చెబుతాను.

నేను ఇంజనీరుని కాను. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, ముప్పై నాలుగేళ్లు విశాఖ చుట్టుపక్కల గోదాములకీ ఫ్యాక్టరీలకీ, ఆ తర్వాత హోటళ్లకీ ఆసుపత్రులకీ ఫైర్ లైన్లు బిగించిన మనిషిని. సగం కాలం రెంచి పట్టాను, సగం కాలం రిజిస్టరు పట్టాను. నీ సాఫ్ట్‌వేర్ నాకు రాదు. రాదు కాబట్టి పనికిరాదనే ముసలాణ్ణి మాత్రం కాను. నేను చూసిన మొదటి డిజైనరు మా ఇంజనీరుగారు. ఆయన దగ్గర ఒక క్యాలిక్యులేటరు, ఒక గళ్ల పుస్తకం, ఒక రబ్బరు ఉండేవి. పైపులు చెట్టుకొమ్మల్లా ఒకవైపే పోతే ఆయన లెక్క ఒక పూటలో తెమిలేది. అవే పైపులు చుట్టూ తిరిగొచ్చి మళ్లీ కలిసే లూపు అయితే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. 1936లో హార్డీ క్రాస్ అనే అమెరికా ప్రొఫెసరు చూపిన దారి అది: ఒక అంకె ఊహించుకోవాలి, ఎంత తప్పొచ్చిందో చూడాలి, దిద్దాలి, మళ్లీ చూడాలి. చూస్తూ చూస్తూ ఆయన రబ్బరు అరిగిపోయేది. ఆ యాతన మీకు తప్పింది. ఆటోక్యాడ్ మీద నడిచే హైడ్రాక్యాడ్, సొంతంగా నడిచే ఆటోస్ప్రింక్, రిఫైనరీల వాళ్లు వాడే పైప్‌నెట్, ఇవన్నీ ఆ రెండు రోజుల పనిని నువ్వు మజ్జిగ తాగే లోపు చేసేస్తాయి. మంచిదే.

కానీ లోపల తిరిగే గానుగ పాతదే తల్లీ. వందేళ్లు దాటిన హేజెన్-విలియమ్స్ సూత్రమే చాలావాటిలో తిరుగుతోంది. గానుగ సంగతి మనకి ఒకరు చెప్పాలా? గోవాడ ఫ్యాక్టరీకి బళ్లు కట్టిన ఊరు మనది. గానుగ ఎంత గట్టిదైనా అందులో పెట్టింది చెరుకో జిల్లేడో దానికి తెలీదు. ఏది పెడితే దాన్నే పిండుతుంది. సాఫ్ట్‌వేర్ నీ మాట ఇట్టే నమ్ముతుంది. దాని మాట నువ్వు అంత బేగి నమ్మకు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మిగిలిందంతా ఎందుకు నమ్మకూడదో చెప్పడమే.

మన తాతగారి రెండెకరాలు గుర్తున్నాయా, రైవాడ కాలువ కింద? శివారు మడి. కాలువ మొదట్లో ఉన్నవాడు మోకాలి లోతు నీళ్లు పెట్టుకుంటే మనకి పాదం తడిసేది కాదు. మా నాన్న రాత్రి లాంతరు పట్టుకుని తూము దగ్గర కాపలా పడుకునేవాడు. నీ స్ప్రింక్లర్ లెక్క అంతా ఆ లాంతరు పట్టుకున్న మనిషి లెక్కే. పంపు పక్కనున్న హెడ్డుకి, అదే నీళ్లు జల్లే మూతికి, నీళ్లు అందుతాయా అని ఎవడూ అడగడు. శివారు హెడ్డుకి చాలినంత అందుతాయా, అదీ ప్రశ్న. మీ పుస్తకంలో దాన్ని రిమోట్ ఏరియా అంటారు.

ఇక్కడే కుర్రాళ్లు పొరపడతారు. శివారు అంటే టేపు పెట్టి కొలిస్తే దూరమైంది అనుకుంటారు. కాదు. నీటికి ఏది దూరమో అదే శివారు. గోదాం ఆ చివర నూరు మీటర్ల అవతలున్న హెడ్డుకి లావు పైపు తిన్నగా పోతుంది. ఈ పక్కనే మెట్లెక్కి మెజనైన్ మీదున్న గదికి సన్న పైపు ఎనిమిది ఎల్బోలు తిరిగి, నాలుగు మీటర్లు పైకెక్కి పోతుంది. పది మీటర్లు ఎక్కితే ఒక బార్ ఒత్తిడి పోయినట్టేనని నీకు నేను చెప్పక్కర్లేదు. శివారు ఆ గదే కావచ్చు. నువ్వు డ్రాయింగులో ఒక మూల పెట్టె గీశావు చూడు, "ఇక్కడ తగలబడిందనుకుందాం" అని, ఆ పెట్టెని రెండు మూడు చోట్లకి జరిపి మళ్లీ మీట నొక్కు. అర నిమిషమే కదా పట్టేది. మా ఇంజనీరుగారికి రెండు రోజులు పట్టినా జరిపి చూసేవారు.

ఒక చిన్న లెక్క వేస్తాను. నీకు తెలిసిందే, అయినా ఓపిక పట్టు. మన చోడవరం మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్టు. మన ఐఎస్ 15105లో దాన్ని మధ్యరకం ప్రమాదం కింద వేసుకున్నామనుకో, చదరపు మీటరు మీద నిమిషానికి 5 లీటర్లు పడాలి. ఒక్కో హెడ్డు 12 చదరపు మీటర్లు కాస్తే 60 లీటర్లు. కె-80 హెడ్డు అయితే 60ని 80తో భాగించి వర్గం చెయ్యి: 0.56 బార్. శివారు హెడ్డు దగ్గర ఆ కాస్త ఒత్తిడి ఉంటే చాలు. ఇప్పుడు అదే కొట్టుని నువ్వు రోజూ తిరగేసే ఎన్‌ఎఫ్‌పీఏ 13లో చూడు. ఆర్డినరీ హజార్డ్ రెండో గుంపు, చదరపు మీటరుకి 8.1 లీటర్లు. అదే హెడ్డు నుంచి 97 లీటర్లు రావాలి, ఒత్తిడి దగ్గర దగ్గర ఒకటిన్నర బార్ కావాలి. ఒకే కొట్టు, ఒకే హెడ్డు, ఒకే చీరల బేళ్లు. అలాగని అమెరికా పుస్తకం గట్టిది, మనది మెతకది అనుకునేవు. అది 139 చదరపు మీటర్ల మీద హెడ్లన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయని లెక్క వేస్తే, మనది 360 మీద వేస్తుంది. మొత్తం నీళ్లు కూడితే మనకే ఎక్కువ: 1,800 లీటర్లు ఇటు, 1,126 అటు. ఒకటి కొద్ది చోట గట్టిగా కొట్టమంటుంది, రెండోది ఎక్కువ చోట పలచగా తడపమంటుంది. రెండింటి వెనకా అనుభవం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఈ రెండు ఆలోచనలూ ఒక చిన్న మెనూలో ఒకదాని కింద ఒకటి వరసలు, అంతే. మౌసు ఒక వరస జారిందంటే పంపు మారిపోతుంది, ట్యాంకు మారిపోతుంది. టిక్కు మాత్రం రెండింటికీ అదే ఆకుపచ్చ.

ఇక పైపు సంగతి. ఇది నా తప్పు కథ, మీ నాన్నక్కూడా చెప్పలేదు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. విశాఖ దగ్గర ఒక పెద్ద గోదాం. పేరెందుకులే. వర్షాలు పడకముందే అప్పజెప్పాలని తొందర. చివరి వరసలో నలభై అడుగుల మేర రెండంగుళాల పైపు వెయ్యాలి, స్టోర్సులో నిండుకుంది. అంగుళంన్నర ఉంది. లారీ రావడానికి ఇంకో వారం. మేస్త్రీ నా మొహం చూశాడు. "అరంగుళమే కదా, వేసెయ్" అన్నాను. వేసేశాం. ఎర్ర రంగు కొట్టేశాం. ఎర్ర రంగు కొట్టాక కింద నుంచి చూస్తే అన్ని పైపులూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. పరీక్ష కూడా అయింది. చివర టెస్టు వాల్వు తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి, గంట మోగింది, సంతకాలు అయ్యాయి. ఆ టెస్టు వాల్వులోంచి వచ్చేది ఒక్క హెడ్డు తెరిస్తే వచ్చేటన్ని నీళ్లే. ఒక్క మనిషి నడవడానికి పొలం గట్టు చాలదూ? గట్టు సంగతి తేలేది పెళ్లివారు వచ్చిన రోజునే.

మర్నాడు మా ఇంజనీరుగారు వచ్చారు. సంతకాలు అయిపోయాయి కాబట్టి ఊరికే చూసి పోతారనుకున్నాను. నిచ్చెన వేయించుకుని చివరి వరస దాకా ఎక్కారు. పైపు మీద అరచెయ్యి వేశారు, చుట్టూ పట్టుకున్నారు. ఏమీ అనలేదు. కిందకి చూసి "పురికొస ఉందా?" అన్నారు. బస్తా కుట్టే జనపనార పురికొస ఒక మూరెడు అందించాను. పైపు చుట్టూ ఒక చుట్టు చుట్టి, గోరుతో గుర్తు పట్టుకుని దిగి, నా టేపు మీద పెట్టారు. పదిహేను సెంటీమీటర్లు. రెండంగుళాల పైపుకి పందొమ్మిది దాకా రావాలి.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బస్తా మీద కూర్చోబెట్టి, గళ్ల పుస్తకం తీసి లెక్క వేసి చూపించారు. హేజెన్-విలియమ్స్ సూత్రంలో పైపు వ్యాసం ఊరికే లేదు తల్లీ, 4.87వ ఘాతంలో కూర్చుంది. వ్యాసం సగమైతే రాపిడికి పోయే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు కాదు, ఇరవై తొమ్మిది రెట్లు. నా అరంగుళానికి ఆ నలభై అడుగుల్లోనూ నష్టం మూడింతలు దాటింది. "ఒక్క హెడ్డుకి ఇది తెలీదు. పన్నెండు హెడ్లు ఒక్కసారి తెరుచుకున్న రాత్రి తెలుస్తుంది. ఆ రాత్రి నువ్వూ నేనూ ఇక్కడ ఉండం" అన్నారు. రెండు రాత్రులు కూర్చుని ఆ పైపు మొత్తం నా చేతులతోనే ఊడదీశాను.

ఇప్పుడు నీ లాప్‌టాప్ చూడు. నా కథ నీ తెర మీద జరిగి ఉంటే? డ్రాయింగులో రెండంగుళాలు, కప్పు కింద అంగుళంన్నర, టిక్కు ఆకుపచ్చ. సాఫ్ట్‌వేర్ ఒక్క అబద్ధమూ ఆడలేదు. అబద్ధం ఆడింది నేను.

నువ్వు ఇక్కణ్ణించి గీసేది అక్కడెక్కడో ఎవరో బిగిస్తారు. నిచ్చెనెక్కి చెయ్యి వెయ్యడం నీకు కుదరదు, నాకు తెలుసు. కానీ అడగడం కుదురుతుంది. మీ ఆఫీసులో దాన్ని ఆర్‌ఎఫ్‌ఐ అంటారట కదా. అడిగితే తెలివితక్కువ అనుకుంటారని, మీ టీమ్ లీడరు చిరాకు పడతాడని, అవతలివాడి ఇంగ్లీషు అర్థం కాదని భయపడి మానెయ్యకు. హైడ్రెంటు ఫ్లో టెస్టు కాగితం పంపిస్తారే, నిలిచి ఉన్నప్పటి ఒత్తిడి, పారుతున్నప్పటి ఒత్తిడి, ఎన్ని నీళ్లు అని మూడు అంకెలు ఉండేది, అది చేతికి రాగానే అంకెల కంటే ముందు తేదీ చూడు. ఎక్కడి హైడ్రెంటో చూడు, గుట్ట కిందదా గుట్ట మీదదా. మన వీధి కుళాయిలో తెల్లారి నాలుగింటికి వచ్చే ధారా, ఏడింటికి అందరూ బిందెలు పెట్టాక వచ్చే ధారా ఒకటేనా? అమెరికా అయినా నీళ్లు నీళ్లే.

రెండో ప్రశ్న అడిగాను కదా, గోదాంలో ఏం పెడతారని. దానికి నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి.

నాకు ఎనిమిదేళ్లు. అమ్మమ్మగారి ఊరు, ఏటి అవతల. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వడగాలి. వీధంతా తాటాకిళ్లు, చూరుకి చూరు తగిలి ఉండేవి. ఒక పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ చూరెక్కింది. ఆడవాళ్లు నూతి దగ్గర్నుంచి బిందెలు అందిస్తున్నారు, మగవాళ్లు మండుతున్న ఇంటి మీద పోస్తున్నారు, బిందెడు నీళ్లూ నేల తగలకుండానే ఆవిరైపోతున్నాయి. అప్పుడొక ముసలాయన, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు అలా ఉండేవాడు, మూడో ఇంటి కప్పెక్కి కత్తితో తాటాకు నరికి కిందకి లాగేస్తూ అరిచాడు: "కాలిపోతన్నదాని మీద పోస్తే ఏటొస్తాదిరా? కాలబోయేదాని మీద పొయ్యండి!" ఆ ఇంటావిడ ఏడుస్తూ శాపనార్థాలు పెడుతోంది. ఆయన ఆగలేదు. రెండిళ్లు పోయాయి. మిగిలిన వీధి నిలబడింది.

నీ స్ప్రింక్లర్ చేసేది ఆ ముసలాయన పనే. మండేదాన్ని చల్లార్చడం సగం పని, దాని చుట్టూ ఉన్నదాన్ని తడిపి మంటని ఉన్నచోటే కట్టెయ్యడం మిగతా సగం. రిఫైనరీల్లో వంటగ్యాస్ నింపే పెద్ద గోళాల మీద నీళ్లు జల్లే పైపులు చుట్టి ఉంటాయి. గోళం ఒంటి మీద చదరపు మీటరుకి నిమిషానికి 10.2 లీటర్లు పడాలని మనకి లెక్క. అది మంటార్పడానికి కాదు, పక్కన మండుతుంటే ఈ గోళం వేడెక్కకుండా కాపాడడానికి. 1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున్న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై పేలినప్పుడు నేను గాజువాకలో గదిలో పళ్లు తోముకుంటున్నాను. కిటికీ అద్దాలు ఒళ్లో పడ్డాయి. అరవై మంది దాకా పోయారు. ఆ తర్వాత చాలాకాలం నేను ఏ సైటుకి వెళ్లినా మొదట అడిగింది ఒకటే: "ఇక్కడ ఏం నిల్వ ఉంటుంది? ఎంత ఉంటుంది? రేపు ఏం రావచ్చు?"

డ్రాయింగు మీద "గోదాం" అని రాసి ఉంటే అది ఏ గోదాం? బెల్లం దిమ్మలు పేర్చిన గోదాముకీ, ఎండిన చెరుకు పిప్పి పోసిన గోదాముకీ, ప్లాస్టిక్ కుర్చీలు కప్పుదాకా దొంతరలెత్తిన గోదాముకీ ఒకటే నీళ్లు చాలవు. ఇప్పుడు కుర్చీలు పెడితే సరే, రెండేళ్ల తర్వాత ఇంకో బాడుగదారు వచ్చి బ్యాటరీలు పెడితే? 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఏమైందో పేపర్లో చదివే ఉంటావు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటలు. కింద అంటుకుంది, పొగ మెట్లదారిన పైకెక్కింది. ఎనిమిది మంది. పైన పడుకున్నవాళ్లకి కింద ఏం అమ్ముతున్నారో తెలీదు. తెలియాల్సింది కాగితం మీద గీతలు గీసేవాళ్లకి. పొగ ఎటు పోతుందో చూపించే ఎఫ్‌డీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుందట కదా, అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ వాళ్లు ఉచితంగానే ఇస్తారట. అది నేర్చుకో. నీళ్ల పైపులు గీసేవాళ్లకి పొగ సంగతి తెలిసి ఉంటే గీత వేరేగా పడుతుంది.

ఇంకో మాట, కాస్త చేదుగా ఉంటుంది. స్ప్రింక్లర్ ప్రతిదానికీ మందు కాదు. 2024 ఆగస్టు 21న మన అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీలో ద్రావకం ఆవిరై పేలి పదిహేడు మంది పోయారు. 2025 ఏప్రిల్ 13న మన కైలాసపట్నంలో బాణసంచా తయారీ చోట ఎనిమిది మంది. పేలుడుకి హెడ్డులోని 68 డిగ్రీల గాజు బల్బు వేడికి పగిలేదాకా ఆగే ఓపిక ఉండదు. అక్కడ కాపాడేది గాలి ఆడటం, నిప్పురవ్వ రానివ్వకపోవడం, గదికీ గదికీ మధ్య దూరం. క్లయింటు ఎవరైనా "స్ప్రింక్లర్ పెట్టేశాం కదా, ఇంకేం భయం" అంటే తలూపకు.

బల్బు అన్నాను కదా, అది కూడా చూసుకో. మీ సాఫ్ట్‌వేర్‌లో హెడ్డు పెట్టగానే ఎర్ర బల్బు, 68 డిగ్రీలు, దానంతటదే వచ్చేస్తుందన్నావు. చల్లగా ఏసీ వేసిన ఆఫీసుకి సరే. మన వైపు రేకుల షెడ్డు కప్పు కింద మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూశావా? నేను పెట్టాను. కప్పు కింద వేడి 38 దాటే చోట ఎర్రది పెట్టకూడదని మీ పుస్తకమే చెబుతుంది. పసుపు బల్బు 79, ఆకుపచ్చ 93. రేకుల షెడ్డుకి నేనైతే ఆకుపచ్చే పెట్టిస్తాను. ఆకుపచ్చ టిక్కు కంటే ఆకుపచ్చ బల్బుని నమ్మొచ్చు.

మీ సినిమాల పిచ్చి కూడా వదిలించుకోవాలి. హీరో లైటరు వెలిగించి ఒక హెడ్డు కింద పెడితే హాలంతా వాన కురిసి హీరోయిన్ తడిసిపోవడం. ఏ హెడ్డు బల్బు పగిలితే ఆ హెడ్డే తెరుచుకుంటుంది, పక్కది చూస్తూ ఉంటుంది. చాలా మంటలకి నాలుగైదు హెడ్లు కూడా అక్కర్లేదు. ఎంత తక్కువ చాలుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే ముప్పై ఎనిమిది అంతస్తుల మేడ 22వ అంతస్తులో అంటుకుంది. అంతస్తు అంతస్తూ తినుకుంటూ పంతొమ్మిది గంటలు మండింది. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. పైపుల్లో ఒత్తిడి తగ్గించే వాల్వులు తప్పుగా అమర్చడంతో వాళ్ల గొట్టాల్లోకి నీళ్లు సరిగా రాలేదు. అదీ ఒక అంకె తప్పే చూడు. చివరికి మంటని ఆపింది 30వ అంతస్తు. ఆ అంతస్తులో స్ప్రింక్లర్లున్నాయి. పది హెడ్లు తెరుచుకున్నాయి, అక్కడ ఆగిపోయింది. ఈ కథ నాకు మా ఇంజనీరుగారే చెప్పారు. చెప్పేటప్పుడు రెండు చేతుల వేళ్లూ చాపి చూపించారు.

స్ప్రింక్లర్లు ఉండీ పనిచెయ్యని చోట ఎందుకు పనిచెయ్యలేదని వెతికితే అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ఏమిటో తెలుసా? నీళ్లు కట్టేసి ఉండటం. ఎవరో ఎప్పుడో రిపేరుకని వాల్వు మూసి, మళ్లీ తెరవడం మర్చిపోవడం. నేను స్వయంగా చూసిన వింతలు ఇంకా ఉన్నాయి. ఒక హోటల్లో పెయింటరు హెడ్లకి రంగు అంటకూడదని పాలిథీన్ సంచులు కట్టాడు, విప్పలేదు. ఇంకోచోట అసలు కట్టలేదు, బల్బు మీద తెల్ల రంగు రెండు కోట్లు. రంగు పడిన హెడ్డు తుడిస్తే బాగుపడదు, మార్చెయ్యాలి. మరోచోట ఏసీ వాళ్లు మీటరున్నర వెడల్పు డక్టు హెడ్ల కిందగా లాక్కుపోయారు, కింద చుక్క పడదు. ఇవేవీ సాఫ్ట్‌వేర్‌కి కనపడవు. అయినా నువ్వు గీసేటప్పుడు ఆ కట్టడం కాసే వాచ్‌మన్‌ని ఒకసారి తలుచుకో. వాల్వు అతని కంటి ఎత్తులో, దారి పక్కన పెట్టు. తలుపు వెనక, అట్టపెట్టెల మాటున పెట్టకు. మూస్తే ప్యానెల్లో తెలిసే స్విచ్చి ఉంటే అది డ్రాయింగులో మర్చిపోకు.

నీకు వీలైనప్పుడు ఒక్కరోజు సెలవు పెట్టి విశాఖలోనే ఏదైనా సైటుకి పోయి చూడు. నాకు తెలిసిన మేస్త్రీలు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, చెబుతాను. మంచి బూట్లు కొనుక్కో, చెప్పులతో నిచ్చెన ఎక్కకు. "ఆడపిల్లవి, నువ్వెందుకమ్మా పైకి" అంటారు. నవ్వేసి ఎక్కెయ్. పైపు మీద చెయ్యి వేసి పట్టు చూడు. రెండంగుళాలది పిడికిట్లోంచి ఎంత మిగులుతుందో, అంగుళంన్నరది ఎంత మిగులుతుందో ఒకసారి చేతికి తెలిస్తే, ఆ తర్వాత తెర మీద చూసినా నీ చెయ్యి అడుగుతుంది.

కవరులో ఒక పురికొస ముక్క పెడుతున్నాను, పారెయ్యకు. ఆ రోజు మా ఇంజనీరుగారు చుట్టిందే. దానికి రెండు ముడులున్నాయి. పదిహేను దగ్గరది ఆయన వేసింది. పందొమ్మిది దగ్గరది కొత్త పైపు వేసిన రాత్రి నేను వేసింది.

మీ పెద్దమ్మ కొత్త బెల్లం రెండు కేజీలు సర్దింది, మీ నాన్న చేత పంపిస్తాను. ఆ అమెరికా గోదాంలో ఏం పెడతారో కనుక్కుని ఆదివారం ఫోను చెయ్యి.

మీ పెదనాన్న,
చోడవరం
(జిల్లా ఇప్పుడు అనకాపల్లి అయింది గానీ, నా చెయ్యి ఇంకా విశాఖపట్నం జిల్లా అనే రాస్తుంది.)